ఎర్ర బూట్ల శని

ఆ బూట్లు నేను కొన్నది సుల్తాన్ బజార్ల. అమ్మకు జాకెట్ గుడ్డలు, మా అత్తకు పిండి జల్లెడ తెమ్మని పంపితే, జల్లెడ మర్చిపోయి బూట్లు కొనుక్కొని వచ్చిన. తొంభైల నాటి ముచ్చట ఇది. నేను అప్పుడు నారాయణగూడల ఆడపిల్లల కాలేజీల డిగ్రీ చదువుతున్న. ఆ రోజుల్ల మా కాళ్లకు రెండే దిక్కులు. ఇంట్లకు హవాయి చెప్పులు, బయటికి బక్కిల్ సాండల్స్. మగపోరగాండ్లేమో తెల్లటి లావు బూట్లేసుకొని, వాటి నాలికలు బయటికి యాలాడేసుకొని క్రాస్ రోడ్స్ టాకీసుల ముంగట తిరుగుతుండిరి.

నావి అట్లాంటివి కావు. ఎర్ర కాన్వాస్ గుడ్డ, చీలమండ మీదిదాక లేచి ఉంటది. తెల్ల లేసులు, వేళ్ల కాడ తెల్ల రబ్బరు టోపీ. కింద సోలు మీద ముగ్గేసినట్టు గళ్లు గళ్లు, మడిమె కాడ ఒక పువ్వు. దుకాణపాయన వాటి మీది దుమ్ము ఊదుకుంట, "పాత మోడల్ బిడ్డా, మీ నాయిన కాలంవి. ఇప్పుడు ఎవ్వరు అడుగుతలేరు" అన్నడు. అట్ల అనొద్దు నాతోని. ఎవ్వరు అడగనిది ఉన్నదంటె నాకు అదే కావాలె.

ఇంటికొచ్చినంక నాయిన ఒక బూటు చేతుల పట్టుకొని తిప్పి తిప్పి చూసిండు. "అరె, మేం కాలేజీల ఉన్నప్పుడు గిసొంటివే ఏసుకునేటోళ్లం" అని మురిసి, లోపట ముక్కు పెట్టి వాసన గూడ చూసిండు. అమ్మ, "జల్లెడేది?" అన్నది. అత్త మాత్రం ఏమనలే. గడప మీద నిలవడి ఆ ఎర్ర బూట్ల దిక్కు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపటికి పోయింది. మా అత్త ఏమనలేదంటె అందరం జాగ్రత్తగ ఉండాలె.

అత్త అంటె మా నాయినకు అక్క. పెండ్లయిన ఏడాదిలనే మామ పోయిండు. జ్వరమొచ్చి పోయిండు. ఆ ఇంట్లోళ్లు జ్వరాన్ని ఏమనలే, అత్త కాళ్లను అన్నరు. దీని పాదం మంచిది కాదు, అడుగు పెట్టి ఇంటి దీపం ఆర్పిందని పుట్టింటికి తోలిండ్రు. అప్పటిసంది అశోక్‌నగర్ల మా కిరాయి పెంకుటింట్ల మాతోనే ఉన్నది. నన్ను ఎత్తుకొని పెంచింది ఆమెనే, అందరికన్న ఎక్కువ తిట్టేది గూడ ఆమెనే. నోరు పెద్దది. కూరగాయలామె నుంచి కరెంటు బిల్లు ఇచ్చేటాయన దాక ఆమెకు భయపడుదురు.

గంత నోరున్న మనిషి, ఎవరన్న కొత్తిల్లు కట్టుకొని పిలిస్తె మాత్రం గడప బయటనే ఆగిపోతుండె. "మీరు నడువుండ్రి, నేను చెప్పులు ఇడిసి వస్త" అంటుండె. అందరు లోపటికి పోవాలె, పాలు పొంగాలె, ప్రసాదాలు పంచాలె, అప్పుడు ఆఖర్ల ఈమె వస్తుండె. చిన్నప్పుడు నేను, అత్త చెప్పులకు మస్తు బక్కిళ్లు ఉన్నయేమో, ఇప్పుటానికి గంత సేపు పడ్తదనుకుంటుంటి. కొంచెం పెద్దగైనంక చూస్తె అవి హవాయి చెప్పులు.

ఇగ బూట్లు ఇంట్లకొచ్చిన గడియ ఏం గడియనో గాని, అన్ని ఉల్టా అయినయి. హైదర్‌గూడ సిగ్నల్ కాడ నాయిన స్కూటర్ క్లచ్ వైరు తెగింది, ఇంటిదాక తోసుకుంట వచ్చిండు. పొయ్యి మీద పెట్టిన పాలు పెట్టినట్టే విరిగినయి. నేను ఎకనామిక్స్ల తప్పిన. ఆ పరీక్ష బూట్లు కొనకముందు రాసిందే, కాని అది ఎవరడుగుతరు? అన్నిటికన్న పెద్ద దెబ్బ ఇంటి ఓనర్ కొట్టిండు. గాంధీనగర్ల ఉంటడాయన. ఒక ఆదివారం వచ్చి, మా చాయ్ తాగి, మా బిస్కిట్ చాయ్‌ల ముంచుకుంట, "ఇల్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్నమండి. ఎండకాలం వరకు ఖాళీ చేసి ఇయ్యాలె" అన్నడు.

అప్పట్ల మా గల్లీల పెంకుటిండ్లన్నిటికి అదే కథ. మా పక్కిల్లు అప్పటికే కూలింది, ఆ జాగల పిల్లర్లు లేస్తున్నయి. అయినా మనదాక వస్తె గాని ఎవరికి నమ్మబుద్ధి కాదు గద. ఆ మాపటికి అత్త కంచం ముంగట కూసొని మెతుకు ముట్టలే.

"ఇన్నేండ్లు ఊకున్నోడు ఇప్పుడే ఎందుకు వచ్చిండు? ఈ ఇంట్లకు కొత్తగ ఏమొచ్చింది?" అన్నది.

అందరు నా కాళ్ల దిక్కు చూసిండ్రు.

"శని. ఆ ఎర్ర బూట్ల ఎక్కి కూసున్నడు."

"శనికి నల్లది గదా అత్తా ఇష్టం? ఎర్ర దాంట్ల ఎందుకు కూసుంటడు?"

"నోర్ముయ్."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత రోషమొచ్చింది. కంచం ఎత్తుకొని వంటింట్లకు పోతె అమ్మ నా ఎన్కనే వచ్చింది. మెల్లగ అన్నది, "జర ఊకోయే. బూట్లది కాదంటె మరి ఎవరిదంటరు? నలుగురు మళ్ల మీ అత్త కాళ్ల దిక్కే చూస్తరు. ఎదురింటామె నిన్న అననే అన్నది, అసొంటి ఆడిబిడ్డ ఇంట్ల ఉంటె గట్లనే అయితదని. ఆ మాట అత్త చెవిల పడ్డది." అది విన్నంక నా కోపం పోలేదు గాని, నోరు తగ్గింది. బూట్లు పోతె నా సంబరం పోతది. బూట్లు ఉంటె అత్త మీద మాట పడ్తది. ఎదురింటామెను మాత్రం ఆ రోజు సంది నేను పలకరించలే.

శని పోవుటానికి మా దిక్కు అందరికి తెలిసిన ఇలాజ్ ఒకటుంది. శనివారం నాడు గుడి ముంగట చెప్పులు పోతె, వాటితోని శని గూడ పోయినట్టే. పోతె సంతోషం. పోకపోతె పోయేటట్టు ఇడిసిపెట్టి, ఎన్కకు తిరిగి చూడకుంట ఇంటికి రావాలె. దీనికి మా అత్త సొంత కానూన్లు ఇంకా కొన్ని కలిపింది. "చేతికిచ్చుడు ఉండొద్దు. ఇస్తె మన శని మనమే ఒకరి నెత్తిన పెట్టినట్టు, పాపం తగుల్తది. వాళ్లంతట వాళ్లు ఎత్తుకపోవాలె. ఎత్తుకపోయేటోడు ఎవడు? దొంగ. దొంగకు శని పడితె మంచిదే గద?" హైకోర్టు వకీలు గూడ గంత సాఫ్‌గ వాదించడు.

శనివారం పొద్దుగాల నాకు బూట్లు తొడిగిచ్చి చిక్కడపల్లి గుడికి తీస్కపోయింది. నా కాళ్ల మీద పోయి నా కాళ్లతోనే ఇడవాల్నట. నేను ఊకుంటనా? అత్త పూలామె కాడ కూసొని తులసిమాల బేరం చేసే యాళకు, ఒక బూటు మెట్ల పక్కకు పెట్టి, ఇంకోటి కొబ్బరికాయలు కొట్టే బండ ఎన్క దాచిన. ఒంటి బూటును ఏ దొంగ ముట్టుకుంటడు? ఆయనకు గూడ రెండు కాళ్లుంటయి. తర్వాత బుద్ధిమంతురాలి లెక్క వచ్చి, కండ్లు మూసుకొని దండం పెట్టుకున్న. నా బూట్లు నాకు దక్కాలెనని మొక్కుకున్న.

బయటికొచ్చినంక అత్త నా మెడ ఎన్క చెయ్యేసి పట్టుకున్నది, నేనేమన్న తిరిగి చూస్తనని. అట్లనే ఇంటిదాక నడిపిచ్చింది. ఎండకు రోడ్డు చుర్రుమంటున్నది. నేను ఒంటికాలు మీద గెంతుకుంట వస్తుంటె, లైబ్రరీ కాడ నౌకరి పరీక్షలకు చదివే పోరగాండ్లు పుస్తకాలు మూసి మరీ చూసిండ్రు. ఇజ్జత్ పోయింది పో అనుకున్న.

తెల్లారి మేం చాయ్ తాగుతుంటె వాకిట్ల పూలామె నిలవడ్డది. ఈ చేతుల ఒక బూటు, ఆ చేతుల ఒక బూటు.

"బిడ్డ బూట్లు మర్చిపోయింది గదమ్మా. ఒకటి మెట్ల కాడనే దొరికింది గని, రెండోదానికి గుడంత తిరిగిన. ఈ చిక్కడపల్లిల ఎర్ర బూట్లు ఇంకెవరికున్నయి, మీ పోరికే గద!"

అత్త మొఖం చూడాలె అప్పుడు. తిడ్దామంటె ఆమె చేసింది మంచిపని. తీసుకుందామంటె శని. రెండు చేతులు ఎన్కకు పెట్టుకొని, "ఆడ పెట్టు" అన్నది. మళ్ల లోపటికి పోయి, పాపం, పూలామెకు చాయ్ తెచ్చిచ్చింది. నేను తలుపు చాటున నిలవడి చున్నీ నోట్ల కుక్కుకున్న.

పై శనివారం నన్ను నమ్మలే. రెండు బూట్ల లేసులు కలిపి, ఎవరి తరం గాని ముడేసింది. పేపర్ల చుట్టి, సంచిల పెట్టుకొని ఒక్కతే పోయింది. చిక్కడపల్లిల అందరు గుర్తుపడుతున్నరని నారాయణగూడ దిక్కు ఒక హనుమాండ్ల గుడి కాడ ఇడిసి, రిక్షాల వచ్చింది. వచ్చి తలస్నానం చేసి, "పీడ పోయింది" అన్నది. నాకు నిజంగనే బాధైంది. ఎవరో మొగపిల్లగాడు నా బూట్ల నాలికలు బయటికి యాలాడేసుకొని తిరుగుతున్నట్టు కండ్ల ముంగట కనపడ్డది. అత్తతోని ఆ పూట మాట్లాడలే.

మాపటికి నాయిన రాలే. చీకటి పడ్డది, అయినా రాలే. అమ్మ గేటు కాడికి, ఇంట్లకు తిరుగుతుంది. ఆఖరికి స్కూటర్ చప్పుడైంది. చూస్తె, హ్యాండిల్‌కు నా ఎర్ర బూట్లు తోరణం లెక్క యాలాడుతున్నయి. నాయిన మొఖం చెమటతోని తడిసి ఉన్నది. నేను గచ్చు మీద కూసొని చిక్కుడుకాయలు తుంపుతున్న. నన్ను చూసి, ముందు స్కూటర్ మీదనే కూలవడ్డట్టు కూసొని, తర్వాత ఒర్రుడు షురూ చేసిండు.

"ఉత్తకాళ్లతోని యాడికి పోయినవే? గుడి ముంగట నీ బూట్లు చూసి, సప్లిమెంటరీ ఉన్నది గద, ప్రదక్షిణలు చేస్తున్నవేమో, ఎంబడి తీస్కపోదామని నిలవడ్డ. గుడి తలుపులు మూసేదాక నిలవడ్డ! బూట్లున్నయి, పిల్ల లేదు. గల్లీ గల్లీ తిరిగిన!"

అత్త బిత్తరపోయి చూసింది. "నీకు గుడికి పోయే అలవాటు ఎప్పటిసందిరా?" అన్నది.

"ఓనర్ మనసు మారాలెనని మొక్కుదామని పోయిన," అన్నడు నాయిన.

అసలు సంగతి చెప్తె ఆయనకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. "అక్కా, ఆయన అపార్ట్‌మెంట్ కట్టేది బిల్డర్ మాట విని, శని మాట విని కాదు" అని మాత్రం అన్నడు. అత్త వినే హాలత్‌ల లేదు. ఇద్దరు దేవుండ్లు గూడ వద్దని తిప్పి పంపిండ్రంటె, ఎంత మొండి శని అయి ఉండాలె!

మూడో శనివారం అత్త గుడికి గూడ పోలే. పొద్దుగూకే యాళకు వంటింటి ఎన్క గోడ కాడికి పోయి, ముడేసిన బూట్లను అట్లనే పక్క సైట్ల ఇసుక కుప్ప మీద పెట్టొచ్చింది. ఆదివారం పొద్దుగాల చూస్తె లేవు. అత్త బెల్లం ఏసి పరమాన్నం వండింది. నేను కోపంతోని తిన్న. మళ్లొకసారి ఏయించుకొని గూడ కోపంతోనే తిన్న.

ఆ పక్క సైట్ల పనిచేసేటోళ్లంత పాలమూరు దిక్కు నుంచి వచ్చినోళ్లు. ఇసుక కుప్ప ఎన్క రేకులు అడ్డం పెట్టుకొని ఆడనే వండుకొని, ఆడనే పండుకుంటుండిరి. సోమవారం నేను కాలేజీకి పోతుంటె, నెత్తి మీద సిమెంటు తట్టతోని ఒకామె చెక్క మీదికెల్లి పైకి ఎక్కుతున్నది. మా అమ్మ ఈడు ఉంటది. చీర మోకాళ్ల దాక ఎగ్గట్టి, మీద మొగోళ్ల అంగీ తొడుక్కున్నది. కాళ్లకు నా ఎర్ర బూట్లు! అత్త ముడి ఇప్పరాక లేసులు కోసేసి, సుతిలి తాడుతోని బిగించి కట్టుకున్నది.

నా బూట్లు అని ఒర్రబోయిన. అంతల్నే ఆమె నడిచే తొవ్వ కనపడ్డది. రాళ్లు, కంకర, ఇనుప తీగె ముక్కలు, మొలలు అన్నీ పడి ఉన్నయి ఆడ. ఆమె కిందికి చూడకుంట, టకటక నడిచి పోతున్నది. పక్కన ఎక్కేటామె ఉత్తకాళ్లతోని ఒక్కొక్క అడుగు చూసుకుంట పోతున్నది. నేను ఆ బూట్లతోని చేసిన పని ఏంది? సుల్తాన్ బజార్, కాలేజీ, మిర్చి బజ్జీల బండి. కాని దక్కలేదన్న కచ్చ ఉంటది గద మనిషికి. ఆ కచ్చతోనే మాపటికి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకుంటనే అత్తకు చెప్పిన.

"అత్తా, నీ శని దొరికిండు. పక్క సైట్ల సిమెంటు మోస్తుండు."

అత్త చూసి, నవ్వుతదనో తిడ్తదనో అనుకున్న. పొయ్యి బంద్ చేసి కిటికీ కాడికి పోయింది. "దొంగ ఎత్తుకపోతడనుకుంటి" అన్నది మెల్లగ. "ఆమె చూడు... పిల్లల తల్లి లెక్కున్నది."

ఆనాటి నుంచి మా అత్తకు ఆ కిటికీనే టీవీ అయింది. ఆమె చెక్క మీద ఎక్కుతుంటె ఈమె ఊపిరి బిగవట్టుడు, దిగితె ఇడుసుడు. అన్నం మాడిపోతున్నా సోయి లేదు. రెండో రోజు నుంచి టిఫిన్ డబ్బ షురూ అయింది. పులిహోర ఒకరోజు, సర్వపిండి ఒకరోజు. డబ్బ చేతుల పెట్టి, డాక్టర్ లెక్క అడుగుడు. "జ్వరమేమన్న వస్తుందా? పిల్లలు మంచిగున్నరా? కడుపు నొస్తుందా? ఊరి నుంచి కబురేమన్న వచ్చిందా?" ఆమెకు ఏం సమజ్ గాలే. ఈ అమ్మకు జర పిచ్చి ఉన్నది గని చెయ్యి మంచిది అనుకొని ఉంటది. డబ్బ కడిగి తిప్పి ఇస్తుండె.

నాకు ఊకే ఉండబుద్ధి కాదు గద. ఒకనాడు, "అత్తా, ఇయ్యాల ఆమె కనపడ్తలేదు. బూట్లు గూడ కనపడ్తలెవ్వు" అన్న. అంతే. పిండి చేతులతోని, ఒక కాలుకు తన చెప్పు, ఇంకో కాలుకు నాయిన చెప్పు ఏసుకొని ఉరికింది. ఆమె నీళ్ల డ్రమ్ము ఎన్క కూసొని మొఖం కడుక్కుంటున్నదట. తిరిగొచ్చినంక అత్త, అమ్మ తర్వాతెప్పుడో కొనుక్కొచ్చిన ఆ కొత్త జల్లెడ పట్టుకొని నన్ను వాకిలంత తరిమింది.

ఎగవోసుకుంట మెట్ల మీద కూలవడ్డది. నేను దూరం నుంచే, "అయినా ఎందుకత్తా గంత పరేషాన్? నువ్వు చేతికైతె ఇయ్యలే గద" అన్న.

"చేతికియ్యకపోతె ఏందే? ఆమె పండుకునే కాడనే గద పెట్టిన." జల్లెడ పక్కకు పెట్టి కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. "నా నెత్తి మీద ఒకళ్లు పెట్టిండ్రు. ఎట్లుంటదో నాకు ఎర్కలేదా? ఎర్క ఉండి గూడ, నేను తెచ్చి ఇంకొకామె మీద పెట్టిన."

అప్పటిదాక అత్త ఏడ్చుడు నేను చూడలే. ఆమె తిట్టినప్పుడు ఎట్ల తప్పించుకోవాల్నో తెలుసు. ఏడిస్తె ఏం చెయ్యాల్నో తెల్వదు. పోయి పక్కన కూసున్న. నా మీద చెయ్యేసి, గట్టిగ ఒకటి గిచ్చింది. తెల్లారి పై అంతస్తు స్లాబ్ ఏస్తరని సైట్ల అనుకుంటున్నరు. స్లాబ్ రోజు గంత ఎత్తుకు ఆమె ఎక్కి దిగుతనే ఉంటదని అత్తకు గుండెదడ. "పొద్దుగాలనే పోయి ఆ బూట్లు మళ్ల తెచ్చుకుంట. నా శని నా కాడనే ఉండనీ" అన్నది.

పొద్దుగాల నేను గూడ ఎంబడి పోయిన. మిక్సర్ గడగడ తిరుగుతున్నది. అత్త చేతుల కొత్త చెప్పుల జత ఉన్నది, పండుగకు ఏసుకుందామని దాచుకున్నవి. ఆమెను పక్కకు పిలిచింది.

"బిడ్డా, ఆ బూట్లు ఇటియ్యి. ఇగో, ఈ చెప్పులు తీస్కో. కొత్తయి."

"ఎందుకమ్మా? ఇవి మంచిగనే ఉన్నయి గద."

"అవి నేనే ఆడ పెట్టిన. శని పట్టిన బూట్లవి. ఏసుకున్నోళ్లకు మంచి జరగదు."

ఆమె అత్త దిక్కు చూసింది, కాళ్ల దిక్కు చూసింది. తట్ట కింద పెట్టి మరీ నవ్వింది.

"శనా? శని నాకు కొత్తోడా అమ్మా? మా ఊర్ల వానలు బందైనప్పటిసంది నా ఎంబడే ఉన్నడు. ఉత్తకాళ్లతోని తిరిగినన్ని రోజులు ఇడువకుంట తిరిగిండు. ఇప్పుడు బూట్లేసుకున్న గద, గుర్తుపడ్తలేడు!"

చుట్టున్నోళ్లంత గొల్లుమన్నరు. నాకు గూడ నవ్వాగలే. అత్త ఒక్కతే నవ్వలే.

"నవ్వులాట కాదు బిడ్డా. పాదం ముచ్చట నీకు తెల్వదు. నా మొగుడు పోతె, నా పాదం వల్లనే పోయిండన్నరు."

ఆమె నవ్వు ఆపింది. అంగీ చేతితోని మొఖం తుడుచుకున్నది.

"నా మొగుడు గూడ పోయిండమ్మా. మా అత్త గూడ అదే మాట అన్నది. ఇగో, ఈ పట్నంల ఎన్ని ఇండ్లకు ఇసుక మోసిన్నో, ఎన్నిండ్లకు సిమెంటు మోసిన్నో నాకే యాది లేదు. గోడలు లేవకముందు సంది నేను లోపట తిరుగుత. పంతులు, పాల గిన్నె, కుడికాలు అన్ని నా ఎన్కనే గద వచ్చేది? ఏ ఇంట్లనైనా మొదటి అడుగు మాదే. ఒక్కిల్లన్న కూలిందా? అందరు సల్లగనే ఉన్నరు."

అత్త వంగి ఆమె బూట్ల దిక్కు చూసింది.

మీదికెల్లి మేస్త్రీ ఒర్రిండు. ఆమె తట్ట ఎత్తుకున్నది. "సిమెంటు కాళ్లను తింటదమ్మా. వేళ్ల సందులు చూడు, ఎట్ల పాసినయో. బూట్లు ఇయ్యను. పులిహోర మాత్రం రేపు గూడ తే," అని చెక్క మీద ఎక్కిపోయింది.

అత్త చెప్పులు చేతుల పట్టుకొని అట్లనే ఇంటికొచ్చింది. ఆ పొద్దంత ఎవరినీ తిట్టలే. భయపడి అమ్మ ఆమె నుదురు ముట్టి చూసింది. మాపటికి ఎదురింటామె చక్కెర అడగవస్తె మాత్రం, "మా ఇంట్ల లేదు" అని తలుపేసింది. డబ్బ నిండ ఉన్నది.

పులిహోర స్లాబులన్ని అయ్యేదాక నడిచింది. తర్వాత వాళ్లంత ఇంకో సైట్‌కు పోయిండ్రు, ఎర్ర బూట్లు గూడ వాళ్లెంబడే పోయినయి. ఓనర్ మనసు మారలే. ఎండకాలం వచ్చింది. ఆ పక్క బిల్డింగ్‌లనే నాయిన ఒక ఫ్లాట్ కిరాయికి మాట్లాడిండు. ఇల్లు మారే ముందు అత్త నన్ను సుల్తాన్ బజార్ తోలింది. "నీకు గట్లాంటివే ఇంకో జత తెచ్చుకో పో. కాని శనివారం కొనకు" అన్నది. మొత్తం మారుడంటె ఎవరితోని అయితది? ఎర్రవి దొరకలే, నీలంవి తెచ్చుకున్న.

కొత్తింట్ల పాలు పొంగించే రోజు అందరం వరసగ మెట్లెక్కుతున్నం. ముంగట నాయిన దేవుని పటంతోని, తర్వాత అమ్మ పాల గిన్నెతోని, ఎన్క నేను, అందరికన్న ఎన్క అత్త. మెట్లు మలుపు తిరిగే కాడ గచ్చుల ఏదో అచ్చు కనపడి ఆగిన. పచ్చి సిమెంటుల ఎవరో తొక్కిపోయింది, అట్లనే గట్టిగైంది. ముగ్గేసినట్టు గళ్లు గళ్లు, మడిమె కాడ పువ్వు. నా కొత్త బూటు ఇప్పి, తిప్పి పక్కన పెట్టి చూసిన. అదే సోలు.

"అత్తా, ఇటు చూడు."

అత్త వంగింది. ఏలితోని ఆ గళ్ల మీద రాసి చూసింది.

పైన తలుపు కాడ అందరం ఆగినం. అమ్మ అలవాటుగ, "వదినె చెప్పులు ఇడిసి వస్తది గని, మనం పోదాం నడువుండ్రి," అన్నది. నాయిన పటం సర్దుకొని కుడికాలు లేపుతుండు. అంతల్నే ఎన్కకెల్లి ఎవరో నన్ను నెట్టిండ్రు. అమ్మను పక్కకు జరిపి, నాయిన చెయ్యి కింది నుంచి దూరి, అత్త ఫట్టున గడప దాటి లోపటికి పోయింది. చెప్పులు గూడ ఇడువలే.

"అయ్యో వదినే!" అని అమ్మ ఒర్రింది. పాలు ఒలికినయి. "ఎడమకాలు పెట్టినవ్!"

అత్త అప్పటికే వంటింట్ల ఉన్నది. ఆడికెల్లే మాట వచ్చింది.

"ఈ ఇంట్ల మొదటి అడుగు ఎప్పుడో పడ్డది తియ్. అది కుడికాలో ఎడమకాలో ఎవరన్న చూసిండ్రా? పాలు తే ఇటు, పొయ్యి వెలిగియ్యాలె."